పిల్లల మనసుకు బడ్జెట్‌లో పద్దు లేదన్నారు... ఎవరిని అడగాలి?

ప్రశ్న:

నేను ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయురాలిని. 6 నుంచి 10వ తరగతి వరకు 380 మంది పిల్లలున్నారు. ఐదు వారాల కిందట మా పిల్లల్ని బడికి తీసుకొస్తున్న ఆటోను లారీ ఢీకొట్టింది. 8వ తరగతి పిల్లలిద్దరు, ఆటో నడిపే ఆయన చనిపోయారు. ఆయన కొడుకు మా దగ్గరే ఆరో తరగతి చదువుతున్నాడు. తోటి పిల్లలు వాడితో 'మీ నాన్న వల్లే' అంటున్నారని తెలిసింది. ఆటోలో ఉండి బతికిన ఒక అమ్మాయి మళ్లీ బడికి వస్తోంది కానీ నోరు విప్పదు, రోడ్డు మీద హారన్ వినపడితే బల్ల కిందికి దూరుతుంది. 8వ తరగతిలో హాజరు పిలవాలంటే నాకే చేతులు వణుకుతున్నాయి.

కౌన్సెలర్ కావాలని మండల విద్యాధికారి (ఎంఈఓ) గారిని అడిగితే 'ఆ హెడ్ (బడ్జెట్ పద్దు) మనకు లేదు మేడమ్' అన్నారు. ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లు ఒక్క రోజు క్యాంపు పెట్టి, పిల్లలందరి చేతా జరిగినదంతా చెప్పించి, మనసులో బరువు దింపేస్తామంటున్నారు. మా స్టాఫ్‌లో కొందరేమో 'కెలక్కండి, పిల్లలు వాళ్లే మర్చిపోతారు' అంటున్నారు. బడి నిర్వహణకు ఏటా వచ్చే కాంపోజిట్ గ్రాంటులోంచి కౌన్సెలర్‌కు ఫీజు ఇవ్వొచ్చా? అసలు ఇలాంటి వాటికి ప్రభుత్వం డబ్బు ఇచ్చే దారి ఉందా? నాకూ రాత్రిళ్లు నిద్ర ఉండటం లేదు, అది సరే, పిల్లల సంగతి చెప్పండి.

సమాధానం:

మేడమ్, నమస్కారం.

ముందు సూటిగా జవాబు. డబ్బు ఉంది. కాకపోతే అది విద్యాశాఖ దగ్గర ఒక్క చోట, 'బడి కౌన్సెలర్' అన్న పేరుతో లేదు. కొంత వైద్య ఆరోగ్య శాఖలో ఉంది, కొంత మహిళా శిశు సంక్షేమ శాఖలో ఉంది, కొంత బడులకు కేంద్రం, రాష్ట్రం కలిసి నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకం ప్రణాళికలో మనం రాసి అడిగితే తప్ప కదలని పద్దుగా ఉంది. మీ ఎంఈఓ గారు తన రిజిస్టరు చూసి చెప్పారు, ఆ రిజిస్టరు వరకు ఆయన మాట నిజమే. మీరు తట్టాల్సిన తలుపులు వేరే ఉన్నాయి.

ఇంకో మాట కూడా ఇప్పుడే చెప్పేస్తాను. నిధులు మంజూరయ్యే దాకా ఈ పిల్లలు ఆగలేరు. అందుకని, ప్రభుత్వం ఇప్పటికే జీతమిచ్చి పెట్టుకున్న మనుషుల్ని ఈ వారమే మీ బడికి రప్పించండి. కొత్త డబ్బు కోసం రాసే కాగితం దానితో పాటే నడవాలి. చాలామంది హెచ్‌ఎంలు కొత్త డబ్బు కోసమే తిరిగి తిరిగి అలసిపోతారు, ఉన్న మనిషి జిల్లా ఆస్పత్రిలో కూర్చునే ఉంటాడు.

ఆ మనిషి ఎవరంటే, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం బృందం. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది, 1996లో దాన్ని జిల్లాలకు తెచ్చారు. ఇప్పుడు దేశంలో 767 జిల్లాల్లో మంజూరై ఉంది. దీని కింద ఒక్కో జిల్లాకు ఏడాదికి 83.2 లక్షల రూపాయల దాకా కేంద్రం సాయం ఉంటుంది. మానసిక వైద్యుడు, క్లినికల్ సైకాలజిస్ట్, సైకియాట్రిక్ సోషల్ వర్కర్, నర్సు ఆ బృందంలో ఉండాలి. అన్ని పోస్టులూ అన్ని జిల్లాల్లో నిండి ఉండవు, అది వేరే బాధ. కానీ మీకు అక్కరకొచ్చే సంగతి ఒకటుంది. బడుల్లో జీవన నైపుణ్యాల శిక్షణ, కౌన్సెలింగ్, ఆత్మహత్యల నివారణ ఈ కార్యక్రమం పనుల జాబితాలోనే రాసి ఉన్నాయి. మీరు వాళ్లను పిలవడం దయ కోరడం కాదు, వాళ్ల పని వాళ్లను చేయమనడం.

ఉత్తరం జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి రాయండి. డీఈఓ గారికి, కలెక్టరు గారికి నకలు పెట్టండి. 'తగు చర్య తీసుకోగలరు' అని ముగించే ఉత్తరాలు ఫైలులో నిద్రపోతాయి. ఏం కావాలో, ఎన్నాళ్లు కావాలో రాయాలి. నేనైతే ఇలా రాస్తాను:

'ప్రమాదం తరువాత మా పాఠశాలలో 11 మంది పిల్లల్లో నిద్రలేమి, ఉలికిపాటు, మౌనం, బడికి రాకపోవడం వంటి లక్షణాలు గమనించాం. పేర్లు సీల్డ్ కవరులో జతపరిచాం. మూడు నెలల పాటు వారానికి ఒక పూట క్లినికల్ సైకాలజిస్ట్ గానీ సైకియాట్రిక్ సోషల్ వర్కర్ గానీ పాఠశాలకు రావాలని కోరుతున్నాం. తలుపు వేసుకుని మాట్లాడుకునే గది మేము కేటాయిస్తాం. తల్లిదండ్రుల అంగీకారం మేము తీసుకుంటాం. వైద్యం అవసరమైన పిల్లల్ని ఆస్పత్రికి పంపే బాధ్యత మాది.'

పదకొండు అన్నది ఉదాహరణకు రాశాను. మీ అంకె మీరే తేల్చాలి. ఒక మధ్యాహ్నం క్లాస్ టీచర్లందర్నీ కూర్చోబెట్టి, ఒక్కో పిల్లవాడి గురించి ప్రమాదానికి ముందు ఎలా ఉన్నాడు, ఇప్పుడు ఎలా ఉన్నాడు అని అడగండి. ఆటోలో వచ్చే పిల్లలు, చనిపోయిన వాళ్ల ప్రాణస్నేహితులు, వాళ్ల అన్నదమ్ములు అక్కచెల్లెళ్లు, ప్రమాదం కళ్లారా చూసినవాళ్లు, ఇంతకుముందే ఇంట్లో చావు చూసినవాళ్లు, వీళ్లను విడివిడిగా గుర్తుచేసుకోండి. ఆ రోజు జ్వరమొచ్చి ఆటో ఎక్కని పిల్ల ఉంటే ఆ పిల్ల పేరు తప్పక రాయండి. 'నేనెందుకు బతికాను' అన్న ప్రశ్న అలాంటి పిల్లల్నే ఎక్కువగా తొలుస్తుంది, పైకి మాత్రం మామూలుగా కనిపిస్తారు. పేర్లు ఎక్కడా బహిరంగం కాకూడదు. స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో కూడా వద్దు.

ఉత్తరం ఇచ్చేటప్పుడు ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. వారంలో కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేటులో జరిగే అర్జీల కార్యక్రమానికి మీరే వెళ్లండి, తల్లిదండ్రులు ఇద్దరు ముగ్గుర్ని వెంట తీసుకెళ్లండి. కలెక్టరు సంతకంతో వైద్య శాఖకు వెళ్లిన కాగితానికి ఉండే బరువు వేరు.

ఈలోగా 14416. ఇది ఫోన్‌లో మానసిక సాయం అందించే టెలీ మానస్ సేవ. 2022 అక్టోబరు 10న కేంద్రం ప్రారంభించింది. పగలూ రాత్రీ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. కష్టంలో ఉన్నవాళ్లే చేయాలని లేదు. ఆ అమ్మాయి తల్లి చేయవచ్చు, 'మా తరగతిలో ఇలా ఉంది, నేనెలా మాట్లాడాలి' అని మీ టీచర్లు కూడా చేయవచ్చు. అవసరమైతే వాళ్లే జిల్లా బృందానికి అప్పజెబుతారు. ఆ నంబరు ప్రతి తరగతి గదిలో పెద్దక్షరాలతో రాయించండి.

ఆ అమ్మాయి విషయంలో మాత్రం ఉత్తరాల దాకా ఆగవద్దు. ఇలాంటి ప్రమాదం తర్వాత మొదటి కొన్ని వారాలు ఉలికిపడటం, పీడకలలు, ఆకలి లేకపోవడం చాలామంది పిల్లల్లో ఉంటాయి, మెల్లగా తగ్గుతాయి కూడా. నెల దాటాక కూడా తగ్గకపోతే అది వైద్యులు చూడాల్సిన స్థితి. మీరు రాసిన లెక్కన ఐదు వారాలైంది. మాట లేదు, హారన్‌కి బల్ల కిందికి దూరుతోంది. జిల్లా ఆస్పత్రి మానసిక వైద్య విభాగానికి ఈ వారమే తల్లిదండ్రులతో పంపండి. 'పిచ్చాసుపత్రికా?' అని వాళ్లు జంకితే మీరో, వాళ్లకు నమ్మకమున్న టీచరో తోడు వెళ్లండి. ఈ వయసులో ముందుగా చేసేది మాటలతో చేసే చికిత్స. భయాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కోవడం నేర్పుతారు, తల్లికీ తండ్రికీ ఇంట్లో ఎలా మసలాలో చెబుతారు. బడిలో మీరు చేయాల్సినవి చిన్న పనులే. రోడ్డు వైపు కిటికీకి దూరంగా, తలుపు కనిపించేలా కూర్చోబెట్టండి. బల్ల కిందికి వెళ్లినప్పుడు లాగి బయటికి తీయకండి. పక్కన నేల మీద కూర్చుని 'అది లారీ హారన్, రోడ్డు మీద పోతోంది, నువ్వు క్లాసులో ఉన్నావు, నేను నీ పక్కనే ఉన్నాను' అని మెల్లగా చెప్పండి. ఆ రోజు ఏం జరిగిందో చెప్పమని ఎవరూ అడగకూడదు. చెప్పాలనిపించి తనే చెబితే వినండి, అడ్డు రాకండి.

ఇక్కడే క్యాంపు సంగతి. వద్దని చెప్పేయండి. వాళ్ల ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ప్రమాదం నుంచి బయటపడ్డవాళ్లను ఒక్కసారి కూర్చోబెట్టి అంతా చెప్పించే పద్ధతి వల్ల మేలు లేదని, కొందరికి బాధ ఇంకా పెరగొచ్చని పరిశోధనలు ఎప్పుడో తేల్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆ పద్ధతి వద్దంటుంది. దానికి బదులు 2011లో తన భాగస్వాములతో కలిసి మానసిక ప్రథమ చికిత్స మీద చిన్న మార్గదర్శిని తెచ్చింది. భద్రత చూడటం, బలవంతం లేకుండా వినడం, తగిన సాయం దగ్గరికి చేర్చడం, దాని సారాంశం అంతే. మూడు వందల మంది పిల్లల్ని మైదానంలో కూర్చోబెట్టి మైకులో ఏడిపించి, సాయంత్రానికి వ్యాను ఎక్కి వెళ్లిపోయేవాళ్లు రాత్రి ఆ పిల్లకు పీడకల వస్తే ఎక్కడుంటారు? నాకు దీనిపై గట్టి అభిప్రాయం ఉంది మేడమ్. పిల్లలకు కావాల్సింది ప్రతి వారం అదే రోజు, అదే గదిలో కనిపించే ఒక మనిషి. నెల రోజులు వచ్చి ఊరికే వాళ్లతో బంతాట ఆడినా సరే, ఐదో వారం ఎవరో ఒక పిల్ల వచ్చి మాట్లాడుతుంది. ఆ సంస్థ వాళ్లను 'వారానికి ఒకసారి, మూడు నెలలు, అర్హత ఉన్న మనిషిని పంపగలరా?' అని అడగండి. క్లినికల్ సైకాలజిస్ట్ అని చెప్పుకునేవాళ్లకు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబరు చూడకుండా ఎవర్నీ పిల్లల దగ్గర ఒంటరిగా కూర్చోనివ్వకండి.

'వాళ్లే మర్చిపోతారు' అనే సహోద్యోగులతో వాదించకండి. చాలామంది పిల్లలు కోలుకుంటారన్నది నిజమే. కోలుకోనివాళ్లను కనిపెట్టడమే మన పని అని చెప్పండి చాలు.

డ్రైవరు గారి అబ్బాయి గురించి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ ఒక్క వాక్యమే. వాడు తండ్రిని పోగొట్టుకున్నాడు, పైగా రెండు చావుల నింద వాడి నెత్తిన పడింది. దుఃఖపడే హక్కు కూడా లేకుండా పోయింది వాడికి. రేపు ఉదయమే 6, 8 తరగతులకు మీరే వెళ్లి, వాణ్ని వేలెత్తి చూపకుండా, సూటిగా చెప్పండి: ప్రమాదం ఎలా జరిగిందో తేల్చేది పోలీసులు, కోర్టు. చనిపోయిన ముగ్గురూ మనవాళ్లే. ఈ బడిలో ఎవరూ ఎవరినీ దీని గురించి నిందించకూడదు. శ్రద్ధాంజలి సభ పెడితే మూడు ఫోటోలూ పెట్టండి. రెండే పెట్టి ఉంటే ఇప్పుడైనా మూడోది చేర్చండి.

ఆ అబ్బాయికి ప్రభుత్వ డబ్బు నేరుగా అందే దారి ఒకటుంది. పిల్లల సంరక్షణ కోసం కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య పథకం కింద స్పాన్సర్‌షిప్ సాయం నెలకు 4,000 రూపాయలు. తల్లి వితంతువైన పిల్లలు అర్హుల జాబితాలో ఉన్నారు. కుటుంబ ఆదాయం గ్రామాల్లో ఏడాదికి 72,000, మిగతా చోట్ల 96,000 రూపాయలు దాటకూడదు. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి ఇవ్వాలి. ఆ విభాగంలో కౌన్సెలర్ పోస్టు కూడా ఉంటుంది, ఇంటికి వచ్చి చూడమని అడగండి. తల్లి ఒక్కతే ఆఫీసుల చుట్టూ తిరగలేదు. మీ బడి తరఫున మరణ ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా కాగితాలు ఒక టీచరు దగ్గరుండి పెట్టిస్తే సగం పని అయినట్టే. అత్యవసరమైతే బాలల సహాయ నంబరు 1098కు ఫోన్ చేయవచ్చు.

గాయపడ్డ పిల్లల తల్లిదండ్రులకు ఇంకో సంగతి చెప్పండి. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో పరిహారం అడిగేటప్పుడు మానసిక చికిత్స ఖర్చు కూడా అడగవచ్చు, అందుకని ఆస్పత్రి చీటీలన్నీ దాచుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు దరఖాస్తు వేయాలనే నిబంధన ఉంది, ఆలస్యం వద్దు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ పిల్లలకు, మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తుంది.

హాజరు పిలవడం గురించి మీరు రాశారు. ఆ పేర్లు ఎర్ర సిరాతో కొట్టేసి, మరుసటి రోజు నుంచి ఆ రెండు నంబర్లు గబుక్కున దాటేసి చదవడం చాలా బడుల్లో చేస్తారు. పిల్లలు ఆ దాటేసే క్షణం కోసమే ఊపిరి బిగబట్టి వింటారు. దానికంటే ఒక రోజు తరగతికి ముందే చెప్పండి: 'రేపటి నుంచి ఈ రెండు పేర్లు పిలవం. మర్చిపోయామని కాదు. వాళ్లు ఈ తరగతి పిల్లలే.' బెంచీలో ఖాళీ జాగా ఏం చేయాలో పిల్లల్నే అడగండి. కొన్నాళ్లు అలాగే ఉంచుదాం అంటే ఉంచండి, కూర్చునే వరుసలు మార్చుకుందాం అంటే అందరూ మారండి. ఆ తరగతి టీచరుకు గొంతు పూడుకుపోతే పిల్లల ముందు కళ్లు తుడుచుకోవచ్చు, అందులో తప్పేం లేదు.

ఇప్పుడు గ్రాంటు. కాంపోజిట్ గ్రాంటు జోలికి వెళ్లకండి. పిల్లల సంఖ్య 251 నుంచి 1,000 మధ్య ఉంటే ఏడాదికి 75,000 రూపాయలు ఇచ్చే గ్రాంటు అది. పాడైన సామాను, కరెంటు బిల్లు, నీళ్లు, చిన్న మరమ్మతులు, కనీసం పదిశాతం స్వచ్ఛతకు, ఇలా దాని ఖర్చు ముందే రాసిపెట్టి ఉంది. కౌన్సెలర్ ఫీజు అందులో చూపిస్తే రేపు ఆడిట్‌లో మీరు సమాధానం చెప్పుకోవాలి. ఆ మొత్తం అంతా పెట్టినా అర్హత ఉన్న మనిషి ఏడాది పొడవునా రాడు. ఎంపీ నిధుల కోసం తిరిగేవాళ్లను కూడా చూశాను. ఆ నిధులు శాశ్వత ఆస్తుల కోసం, కౌన్సెలింగ్ గది కట్టించుకోవచ్చేమో గానీ అందులో కూర్చునే మనిషికి జీతం రాదు. కంపెనీల సామాజిక బాధ్యత నిధులు విద్యకు, వైద్యానికి వాడొచ్చు కాబట్టి అక్కడ అడగొచ్చు, కలెక్టరు ద్వారా అడిగితే మంచిది. కానీ ఒక కంపెనీ ఈ ఏడు ఇచ్చి వచ్చే ఏడు మానేస్తే మీ పిల్లలు మళ్లీ మొదటికి వస్తారు. దాన్ని అదనంగా పెట్టుకోండి, ఆధారంగా కాదు.

శాశ్వతంగా రావాలంటే ప్రణాళికలో ఎక్కాలి. విద్యాహక్కు చట్టం 2009లో 22వ సెక్షన్ ఒకసారి చదవండి. పాఠశాల యాజమాన్య కమిటీ పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారుచేయాలని, ప్రభుత్వం వేసే ప్రణాళికలకూ ఇచ్చే గ్రాంట్లకూ అదే ఆధారం కావాలని అందులో ఉంది. కమిటీని మీ దగ్గర ఇప్పుడు ఏ పేరుతో పిలుస్తున్నా సరే, తొమ్మిది పది తరగతులకు వేరే కమిటీ ఉంటే దానిలోనూ, తీర్మానం చేయించండి. మన బడుల్లో ఆ ప్రణాళిక అంటే ప్రహరీ, మరుగుదొడ్లు, అదనపు గదులు. అవి అవసరం కాదని అనను. కానీ పిల్లల మనసుకు సంబంధించి ఒక్క వాక్యం కూడా కింది నుంచి రాకపోతే పైన కూర్చున్నవాళ్లు 'డిమాండ్ లేదు' అని రాసుకుంటారు. సమగ్ర శిక్షలో గైడెన్స్, కౌన్సెలింగ్‌కు చోటు ఉంది. ఆచరణలో ఆ డబ్బు ఎక్కువగా పదో తరగతి తర్వాత ఏం చదవాలో చెప్పే సెమినార్లకు పోతోంది. అడిగేవాళ్లు లేక.

మీ ఒక్క బడికి పూర్తికాలపు కౌన్సెలర్‌ను అడిగితే కుదరదంటారు. చుట్టుపక్కల నాలుగైదు ఉన్నత పాఠశాలల హెచ్‌ఎంలతో మాట్లాడి, అందరికీ కలిపి ఒక కౌన్సెలర్, ఒక్కో బడికి వారంలో ఒక రోజు, జీతం, ప్రయాణ ఖర్చు, పది నెలలు అని లెక్క వేసి ఇవ్వండి. 2020 జాతీయ విద్యా విధానం పాఠశాల సముదాయాలు కౌన్సెలర్లను, సామాజిక కార్యకర్తలను కలిసి పంచుకోవాలనే చెబుతోంది. అంటే మీరు ప్రభుత్వం మాటనే ప్రభుత్వానికి గుర్తుచేస్తున్నారు. సమగ్ర శిక్ష ఖర్చులో 60 శాతం కేంద్రం, 40 శాతం రాష్ట్రం పెట్టుకుంటాయి. ఏప్రిల్‌లో మొదలయ్యే ఆర్థిక సంవత్సరానికి జిల్లా ప్రణాళికలు అంతకుముందు చలికాలంలోనే తయారవుతాయి. మార్చిలో మేలుకుంటే ఇంకో ఏడాది పోయినట్టే. తీర్మానం ఇప్పుడే చేసి, జిల్లా సమగ్ర శిక్ష కార్యాలయంలో ఇచ్చి, రసీదు తీసుకోండి.

తీర్మానానికి బలం కావాలంటే సుప్రీంకోర్టు 2025 జులై 25న ఇచ్చిన మార్గదర్శకాలు జతచేయండి. విశాఖపట్నంలో చదువుకుంటూ ప్రాణం పోగొట్టుకున్న ఒక విద్యార్థిని తండ్రి పోరాడిన కేసు అది. జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ధర్మాసనం 15 మార్గదర్శకాలు ఇచ్చింది, చట్టం వచ్చేదాకా అవే అమల్లో ఉంటాయంది. వంద మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న సంస్థలో పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సామాజిక కార్యకర్తో కనీసం ఒకరు ఉండాలి. అంతకంటే చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. సిబ్బంది అందరికీ ఏడాదికి కనీసం రెండుసార్లు మానసిక ప్రథమ చికిత్సలో, హెచ్చరిక లక్షణాలు గుర్తించడంలో శిక్షణ ఇవ్వాలి. టెలీ మానస్ వంటి నంబర్లు అందరికీ కనిపించేలా రాయాలి. అమలు చూడటానికి కలెక్టరు అధ్యక్షతన జిల్లా కమిటీ ఉండాలి. ఇవి కార్పొరేట్ కాలేజీలకే అనుకుంటారు చాలామంది. ప్రభుత్వ బడులకూ వర్తిస్తాయి. మీ బడిలో 380 మంది. తీర్పు చెక్కు రాసివ్వదు, నిజమే. కానీ 'ఆ హెడ్ లేదు' అన్న జవాబు ఇకపై నోటితో చెప్పి పంపేయడానికి వీల్లేదు, కాగితం మీద ఇవ్వాల్సి వస్తుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ కూడా రాయండి. ప్రభుత్వం నడిపే సేవల్లో మానసిక వైద్యం పొందే హక్కు ప్రతి ఒక్కరికీ ఉందని, పిల్లలకు ప్రత్యేక సేవలు ఉండాలని అది చెబుతుంది.

ఇంకో అంకె మీ తీర్మానంలో ఉండాలని నా కోరిక. 2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి మానసిక సమస్యలు కనిపించాయి. ఆ లెక్క మీ బడికి వేసి చూస్తే, ఏ ప్రమాదమూ జరగకపోయినా, పాతిక మందికి పైగా. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదిక. ఇవన్నీ తెలిసి కూడా టెలీ మానస్ కార్యక్రమానికి 2023-24 బడ్జెట్‌లో 134 కోట్లు చూపించిన కేంద్రం 2024-25లో 90 కోట్లే చూపించింది. ఖర్చు కాలేదు కాబట్టి తగ్గించామంటారు. ఖర్చు ఎందుకు కాలేదంటే ఆ సేవ ఉన్నట్టు చాలా బడులకు తెలియదు. మీలాంటి హెచ్‌ఎంలు అడగకపోతే వచ్చే ఏడు ఇంకా తగ్గుతుంది. ఇది నాకు కోపం తెప్పించే విషయం. ప్రమాదం జరిగినప్పుడు పరిహారం ప్రకటించడానికి ఒక్క పూట పడుతుంది, బతికిన పిల్లల గురించి ఆ ప్రకటనలో ఒక్క మాట కూడా ఉండదు.

మీ టీచర్ల గురించి కూడా. 2020లో మొదలైన పాఠశాల ఆరోగ్య, శ్రేయస్సు కార్యక్రమం కింద ప్రతి ప్రభుత్వ బడిలో ఇద్దరు టీచర్లను, ఒక పురుషుడు ఒక మహిళ, ఆరోగ్య రాయబారులుగా పెట్టాలి. వారానికి ఒక గంట చొప్పున చెప్పే పదకొండు అంశాల్లో మానసిక ఆరోగ్యం ఒకటి. మీ బడిలో ఆ ఇద్దరు ఎవరో రికార్డు చూడండి. కాగితం మీద పేర్లుండి శిక్షణ జరగకపోతే, జిల్లా బృందం వచ్చినప్పుడు మొదటి రోజే వాళ్లకు రెండు గంటలు ఇవ్వమనండి. వాళ్లు కౌన్సెలర్లు కారు, కాబోరు, వాళ్ల మీద ఆ భారం వేయకూడదు. ఏ పిల్లను ఎప్పుడు నిపుణుల దగ్గరికి పంపాలో తెలిస్తే చాలు.

'అది సరే' అని మీరు ఒక్క మాటలో దాటేసిన నిద్ర సంగతి నేను దాటేయలేను. మీరు ఆ పిల్లల్ని రోజూ చూసినవాళ్లు, బహుశా ఆ ఉదయం ఆస్పత్రికి వెళ్లినవాళ్లు, తల్లిదండ్రులకు కబురు చెప్పినవాళ్లు. 14416 మీకు కూడా. సైకాలజిస్ట్ మీ బడికి వచ్చిన రోజు చివరి అరగంట స్టాఫ్‌కి కేటాయించండి, మీరు ముందు కూర్చోండి. హెచ్‌ఎం కూర్చుంటే మిగతావాళ్లు కూర్చుంటారు. 8వ తరగతి హాజరు కొన్నాళ్లు ఇంకొకరు పిలిచినా ఫరవాలేదు.

చివరిగా, కుదరదన్నప్పుడు ఏం చేయాలి. రాతపూర్వకంగా ఇవ్వమనండి. ఇవ్వకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు వేయండి, లేదా తల్లిదండ్రుల కమిటీలో ఒకరి చేత వేయించండి, మీ ఉద్యోగానికి ఇబ్బంది లేకుండా. రెండే ప్రశ్నలు: గత రెండేళ్లలో మన జిల్లాలో కౌన్సెలింగ్ పద్దు కింద సమగ్ర శిక్షలో ఎంత మంజూరైంది, దేనికి ఖర్చు చేశారు? జిల్లా మానసిక ఆరోగ్య బృందం ఎన్ని బడులకు, ఏ తేదీల్లో వెళ్లింది? 30 రోజుల్లో జవాబివ్వాలి. ఈలోపు సమగ్ర శిక్ష వెబ్‌సైటులో రాష్ట్రాలవారీగా ప్రాజెక్టు ఆమోద మండలి సమావేశాల మినిట్స్ ఉంటాయి, మన రాష్ట్రానిది దించుకుని ఆ పద్దు పక్కన ఏ అంకె ఉందో చూడండి. దాని ప్రింటు తీసుకుని ఎంఈఓ గారి దగ్గరికి మళ్లీ వెళ్లండి. గొడవకు కాదు, ఆయనకూ చూపించడానికి. ఆయన మండలంలోని మిగతా బడులకూ అది పనికొస్తుంది. మీకు వచ్చిన జవాబు నకలు నాకు పంపితే, తర్వాత ఎవరికి ఏమని రాయాలో కలిసి చూద్దాం.